కీటన్, బస్టర్ (1895–1966)

అమెరికా దేశమున మూకచిత్రములు పరిఢవిల్లిన కాలమున చార్లీ చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ అను వారి సరసన పేర్కొనదగిన హాస్యనటుడును, దర్శకుడును, చిత్రనిర్మాణ శిల్పియు నగు బస్టర్ కీటన్ అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. ఎంతటి ఆపద మీదపడినను నవ్వక, ఏడ్వక, నిబ్బరముగ నిలుచు ముఖముతో ఇతడు లోకమునకు సుపరిచితుడు. ఆ ముఖమును చూచి ‘రాతి మొగము’ అని ఆనాటి పత్రికలు బిరుదమిచ్చినవి. కాని ఆ ముఖము ఇతని కళలో సగపాలు మాత్రమే. యంత్రములను, దూరములను, క్షణములను కొలిచి, తూచి, కెమేరా యెదుట ప్రమాదమును నిజముగనే జరిపించి, దానినుండి నవ్వు పుట్టించిన నిర్మాణ ప్రతిభ తక్కిన సగపాలు. చిత్రనిర్మాణము తన యిష్టానుసారము సాగిన 1920–1928 సంవత్సరముల నడుమ ఇతడు తీసిన 19 చిన్నచిత్రములును, పది పెద్దచిత్రములును ఇతని కీర్తికి మూలాధారములు.

జననము, బాల్యము

కీటన్ కాన్సాస్ రాష్ట్రములోని పిక్వా అను చిన్న గ్రామమున 1895వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన జన్మించెను. తండ్రి జో, తల్లి మైరా, ఇరువురును ఊరూర తిరిగి ఆటపాటలతో జనమును పోగుచేసి మందులమ్ము బృందములందు నటించి పొట్టపోసికొనువారు. బిడ్డ పుట్టిన గ్రామము వారికి దారిలోని ఒక మజిలీ మాత్రమే. పసితనమున మెట్లమీదనుండి దొర్లిపడియు దెబ్బ తగులక లేచి కూర్చున్న ఈ బిడ్డకు ఇంద్రజాలికుడగు హౌడినీ ‘బస్టర్’ అని పేరు పెట్టెనని కుటుంబమువారు చెప్పుకొనెడివారు. జీవితచరిత్రకారులు ఈ కథను పూర్తిగ విశ్వసింపలేదు గాని పేరు మాత్రము స్థిరపడిపోయెను.

ఐదేండ్లు నిండకమునుపే ఇతడు తల్లిదండ్రులతో రంగస్థల మెక్కెను. పాట, నృత్యము, గారడి, హాస్యము ఒకదానివెంట నొకటిగ చూపు ‘వోడవిల్’ నాటకశాలలందు ‘త్రీ కీటన్స్’ అను పేర వీరి ఆట మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. మాట వినని కొడుకును తండ్రి దండించుటయే ఆ ఆటకు వస్తువు. తండ్రి బాలుని పట్టి తెరలమీదికిని, వాద్యగాండ్రు కూర్చుండు గోతిలోనికిని, ఒక్కొక్కప్పుడు ప్రేక్షకుల నడుమకును విసరుచుండెను. ఎత్తి విసరుటకు వీలుగ పిల్లవాని చొక్కా వీపున పెట్టెపిడి యొకటి కుట్టబడి యుండెను. బాలల రక్షణకై ఏర్పడిన న్యూయార్కు సంఘమువారు దీనికి పలుమారులు అభ్యంతరము చెప్పిరి. బాలుడు మాత్రము దెబ్బ తగులకుండ పడుటయందు ఆరితేరెను. పడి లేచునపుడు తాను నవ్వినచో ప్రేక్షకుల నవ్వు తగ్గుననియు, ఏమియు జరుగనట్లు ముఖము పెట్టినచో అది రెట్టింపగుననియు గ్రహించెను. పాఠశాల చదువు ఇతనికి లేదనియే చెప్పవచ్చును. దెబ్బ తగులకుండ పడుట, ముఖమున నవ్వు కనబడనీయకుండుట అను ఈ రెండు విద్యలే జీవితాంతమును ఇతనికి అన్నము పెట్టినవి.

రంగస్థలమునుండి చిత్రసీమకు

తండ్రి మద్యపానమునకు లోబడి ఆట అదుపు తప్పుటచేత, 1917లో తల్లియు కుమారుడును అతనిని విడిచి వచ్చిరి. న్యూయార్కులో ఒక సంగీత ప్రదర్శనయందు వారమునకు 250 డాలర్ల వేతనముతో ఒప్పందము కుదిరియుండగా, ఆనాటి ప్రఖ్యాత హాస్యనటుడగు రాస్కో ఆర్బకిల్ చిత్రము తీయుచున్న స్టూడియోకు ఇతడు వెళ్ళుట తటస్థించెను. నటించుటకంటె ముందు ఇతని మనస్సు నాకర్షించినది కెమేరా. దానిని అడిగి తీసికొని పోయి, ఏ భాగమునకు ఆ భాగముగ విప్పి, తిరిగి బిగించి, అది పనిచేయు తీరు తెలిసికొంటినని తదనంతర కాలమున ఇతడు చెప్పుకొనెను. నాటకశాల ఒప్పందమును వదలుకొని, వారమునకు 40 డాలర్లతోనే తృప్తిపడి, ‘ద బుచర్ బాయ్’ అను చిత్రమున ఇతడు తొలిసారి తెరపై కనబడెను. ఆర్బకిల్ ఇతనికి గురువు, మిత్రుడు. 1918లో సైన్యమున చేరి ఫ్రాన్సు దేశమునకు పోయిన కీటన్, అచట సోకిన వ్యాధివలన వినికిడి కొంత కోల్పోయి మరుసటి సంవత్సరము తిరిగివచ్చెను.

సొంత స్టూడియో, చిన్నచిత్రములు

1920లో ఆర్బకిల్ వేరొక సంస్థకు తరలగా, నిర్మాత జోసెఫ్ షెంక్ హాస్యచిత్రముల భారమును కీటన్‌కు అప్పగించి, పూర్వము చాప్లిన్ పనిచేసిన హాలీవుడ్ స్టూడియోను ఇతని పేర తెరచెను. స్టూడియోకు పేరు కీటన్‌దే యైనను యాజమాన్యము షెంక్‌ది. ఈ సంగతి ఆనాడు ఎవరికిని పట్టలేదు. మరుసటి యేడు కీటన్, షెంక్ భార్యయు ప్రఖ్యాత తారయు నగు నార్మా టాల్మడ్జ్ చెల్లెలు నటాలీని వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులు కలిగిరి.

ఇతడు విడుదల చేసిన తొలి స్వతంత్ర చిత్రము ‘వన్ వీక్’ (1920) రెండు రీళ్ళది. నూతన దంపతులకు బహుమానముగ ఒక యిల్లు వచ్చును. అది పెట్టెలలో ముక్కలుముక్కలుగ వచ్చిన యిల్లు. పెండ్లికూతురు నాశించి భంగపడిన ఒకడు పెట్టెలమీది సంఖ్యలను మార్చివేయుటచేత, కట్టిన యిల్లు గోడలు వంకరపోయి, వాకిలి మేడమీదికి చేరి, వింతరూపమును ధరించును. గాలివానలో అది బొంగరమువలె తిరుగును. తీరా అది వేరొకరి స్థలములో కట్టినదని తెలిసి, దానిని ఈడ్చుకొనిపోవుచుండగా రైలుపట్టాలమీద చిక్కుకొనును. ఎదుటినుండి రైలు వచ్చును. దంపతులు కన్నులు మూసికొందురు. రైలు ప్రక్కపట్టాలమీదుగ పోవును. వారు ఊపిరి పీల్చుకొనులోగా రెండవ దిక్కునుండి మరియొక రైలు వచ్చి యింటిని నుగ్గు చేయును. అపుడు ఆ గృహస్థుడు శిథిలములపై ‘అమ్మబడును’ అను పలకను నిలిపి, కట్టు విధానమును తెలుపు కాగితమును కూడ దానికి తగిలించి, భార్య చేయి పట్టుకొని వెడలిపోవును. ఆశ చూపి, దానిని తీర్చినట్లే తీర్చి, ప్రేక్షకుడు ఏమరియున్న దిక్కునుండి దెబ్బ కొట్టుట ఇతని హాస్యమునకు జీవగఱ్ఱ. ఈ తొలిచిత్రముననే అది పరిణతి చెందియున్నది.

‘ద ప్లేహౌస్’ (1921) నందు నాటకశాలలోని నటులు, వాద్యగాండ్రు, ప్రేక్షకులు కూడ కీటనే. ఒక దృశ్యమున తొమ్మండుగురు కీటన్‌లు వరుసగ కూర్చుందురు. కటకము ముందు సన్నని మూతలు గల పెట్టె నమర్చి, ఒక మూత మాత్రము తెరచి చిత్రించి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, మరియొక మూత తెరచి మరల చిత్రించుట దీని రహస్యము. కెమేరాను చేతితో త్రిప్పు ఆ రోజులలో ప్రతిసారియు అదే వేగమును నిలుపగలిగిన ఛాయాగ్రాహకుడు ఎల్గిన్ లెస్లీ ప్రజ్ఞయు, ప్రతిసారియు అదే లయకు కదలగలిగిన కీటన్ ప్రజ్ఞయు సమముగ కలిసిననే గాని ఇది సాధ్యము గాదు. ‘ద బోట్’ (1921), ‘కాప్స్’ (1922) అనునవియు ఈ కాలపు ఉత్తమ కృతులు.

పెద్దచిత్రములు

1923 నుండి ఇతడు పెద్దచిత్రములకు పూనుకొనెను. ‘అవర్ హాస్పిటాలిటీ’ (1923) రెండు కుటుంబముల వంశపారంపర్య వైరమును గూర్చిన కథ. తొలినాటి రైలుబండిని ఇందు అచ్చముగ పునర్నిర్మించి నడిపించిరి. తండ్రి, భార్య, పసికుమారుడు కూడ ఈ చిత్రమున నటించుటచేత కీటన్ వంశము మూడు తరములు ఒక్క తెరపై కనబడును.

‘షెర్లాక్ జూనియర్’ (1924) చలనచిత్రమును గూర్చియే తీసిన చలనచిత్రము. సినిమాశాలలో ప్రొజెక్టరు త్రిప్పు యువకుడు నిద్రపోవగా, అతని స్వప్నరూపము లేచి, నడిచి, తెరలోనికి ప్రవేశించును. అంతట తెరమీది దృశ్యము చప్పున మారిపోవుచుండును: అతడు కూర్చుండబోవు బల్ల మాయమై వీధి ప్రత్యక్షమగును, నడచుచున్న వీధి కొండకొమ్మగును, సముద్రమున దుముకబోగా మంచుదిబ్బలో తల గ్రుచ్చుకొనును. దృశ్యము మారినను మనుష్యుడు మాత్రము తెరపై అదే చోట, అదే భంగిమలో ఉండవలెను గనుక, భూమిని కొలుచు సర్వే పరికరములతో కెమేరాకును కీటన్‌కును గల దూరమును ప్రతి స్థలమునను సరిచూచి తీసిరి. ఈ చిత్రముననే రైలు నీటితొట్టి గొట్టమునుండి ధారగ పడిన నీటి తాకిడికి పట్టాపై పడి ఇతని మెడ యెముక చిట్లెను. తలనొప్పి కొంతకాలము బాధించినను ఇతడు పని మానలేదు. ఎముక విరిగి అతుకుకొన్నదను సంగతి పెక్కేండ్లకు ఎక్సురే తీసినపుడు గాని తెలియలేదు.

అదే యేడు విడుదలయైన ‘ద నావిగేటర్’ ఒక పెద్ద ఓడపై ఏ పనియు తెలియని యిద్దరు ధనికులు ఒంటరిగ చిక్కుకొనిన కథ. ‘బ్యూఫర్డ్’ అను నిజమైన పాత ఓడను అద్దెకు తెచ్చి, దాని చుట్టు కథ నల్లిరి. ఆర్థికముగ ఇది ఇతనికి గొప్ప విజయము. ‘సెవెన్ ఛాన్సెస్’ (1925) చిత్రమును ముందుగ కొందరు ప్రేక్షకులకు చూపినపుడు, పెండ్లికూతుళ్ళ గుంపు తరుముచుండగా కొండవాలున పరుగెత్తు కీటన్ కాలు తగిలి రెండు మూడు రాళ్ళు దొర్లి అతని వెంటబడుట చూచి జనము అనుకొననంతగ నవ్విరి. అది యాదృచ్ఛికముగ జరిగినది. కీటన్ వెంటనే తిరిగిపోయి, తేలిక పదార్థములతో చిన్నవియు, మనుష్యుని మించినవియు నగు కృత్రిమ శిలలను చేయించి, కొండవాలున రాళ్ళవాన కురిపించి, నేడు ఆ చిత్రమున కంతకు మకుటాయమానమగు ఘట్టమును తీసెను.

‘ద జనరల్’

1862 ఏప్రిలులో, అమెరికా అంతర్యుద్ధ కాలమున, ఉత్తరసేనకు చెందిన గూఢచారులు జార్జియా రాష్ట్రమున ‘జనరల్’ అను రైలుఇంజనును దొంగిలించుకొని పారిపోగా దక్షిణమువారు తరిమి పట్టుకొనిన చారిత్రక వృత్తాంతము ఈ చిత్రమునకు ఆధారము. కథానాయకుడు జానీ గ్రే అను ఇంజను డ్రైవరు. అతనికి ప్రేమపాత్రములు రెండు: ఇంజను, అన్నాబెల్ లీ. రెండును శత్రువుల చేజిక్కును. కథ మొదటి సగమున అతడు ఇంజనును తరుముచు ఉత్తరమునకు పోవును. రెండవ సగమున దానిని చేజిక్కించుకొని, శత్రువులు తరుముచుండగా దక్షిణమునకు మరలును. మొదటి సగములోని ప్రతి ఉపాయమును రెండవ సగమున తలక్రిందులై తిరిగి వచ్చుచుండును.

1926 వేసవియందు ఆరిగాన్ రాష్ట్రములోని కాటేజ్ గ్రోవ్ పరిసరములలో పాతకాలపు ఇంజనులను సంపాదించి చిత్రమును తీసిరి. ఆ రాష్ట్రపు నేషనల్ గార్డు సైనికులే ఉభయసేనల దుస్తులను మార్చి మార్చి ధరించి రెండు పక్షములందును పోరాడిరి. కట్టెలు మండించు ఇంజనుల నిప్పురవ్వలవలన అడవి అంటుకొనగా, నటులును సైనికులును కలిసి మంటల నార్పవలసి వచ్చెను. ప్రియురాలు తిరస్కరింపగా దిగులుపడి జానీ ఇంజను చక్రములను కలుపు కడ్డీపై కూర్చుండగా, అతడు గమనింపకయే ఇంజను కదలి, కడ్డీతోపాటు అతనిని మెల్లగ పైకెత్తుచు దించుచు షెడ్డులోనికి కొనిపోవును. తెరపై ఇది మృదువైన పరిహాసము. ఆవిరి కాస్త హెచ్చి చక్రములు గిఱ్ఱున తిరిగినచో నటుని ప్రాణములు దక్కవు. మరియొకచోట ఇంజను ముందుభాగమున కూర్చుండిన జానీ, పట్టాలకడ్డముగ ఉన్న దూలమును, తన చేతనున్న వేరొక దూలమును దానిపై గురిచూచి విసరి ఎగురగొట్టును. కాలుచున్న వంతెన కూలి రైలు నదిలో పడు దృశ్యమును నిజమైన ఇంజనుతో, నిజమైన వంతెనపై, ఒక్కమారే తీసిరి. దీనికైన వ్యయము 42,000 డాలర్లు. మూకచిత్రములలో కెల్ల వ్యయసాధ్యమగు దృశ్యముగ ఇది ప్రసిద్ధి చెందినది. ఆ ఇంజను శకలములు రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇనుమునకై వెలికితీయు వరకు రో నదిలోనే పడియుండెను.

ఇంత శ్రమించినను చిత్రము విడుదలయైనపుడు విమర్శకులు పెదవి విరిచిరి, పెట్టిన ధనము రాలేదు. అంతర్యుద్ధ మరణములను హాస్యమున చేర్చుట కొందరికి రుచింపలేదు. ఈ నష్టము కీటన్ స్వాతంత్ర్యమునకు గొడ్డలిపెట్టు అయ్యెను.

కూలిన గోడ

‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928) ఇతని చివరి స్వతంత్ర చిత్రము. కాలిఫోర్నియాలోని సాక్రమెంటో నదీతీరమున ఊరు నొకదానిని నిర్మించి, విమానపు ఇంజనులతో తుపాను పుట్టించి, దానిని కూల్చిరి. తొలుత వరదగ ఉద్దేశించిన ఈ ఘట్టము, 1927లో మిసిసిపి నది పొంగి జననష్టము కలిగించుటచేత, తుపానుగ మార్చబడెను. వీధి నడుమ నిశ్చేష్టుడై నిలిచిన కథానాయకునిపై రెండంతస్తుల యింటి ముందుగోడ యావత్తును విరుచుకొనిపడును. అతడు నిలిచినచోట పై కిటికీ సందు సరిగ వచ్చుటచేత గోడ చుట్టును పడి అతడు మధ్య నిలిచి యుండును. ‘వన్ వీక్’లో ఇట్టి ఉపాయమునే ఇతడు తేలికగోడతో ప్రయోగించియుండెను, ఈమారు గోడ బరువు రెండు టన్నులు. కిటికీ అంచునకును శరీరమునకును గల ఎడము కొలది అంగుళములు. నిలువవలసిన చోటును ముందుగ కొలిచి గురుతు పెట్టిరి. గోడ పడుట చూడజాలక సిబ్బందిలో కొందరు ముఖము త్రిప్పుకొనిరట. ఈ దృశ్యమునందు కోత గాని కూర్పు గాని లేదు. గోడయు మనుష్యుడును ఆద్యంతము ఒకే చట్రములో కనబడుచుందురు.

నిర్మాణ పద్ధతి

కీటన్ తన మూకచిత్రములకు లిఖితమగు పూర్తి స్క్రిప్టు వ్రాయించుకొనలేదు. క్లైడ్ బ్రక్‌మన్, జీన్ హేవెజ్ మున్నగు సహాయకులతో కూర్చుండి, కథకు ఆదియు అంతమును కుదిరిన పిదప, మధ్యభాగము దానంతటదే వచ్చునని పని ప్రారంభించెడివాడు. పని ముందుకు సాగనపుడు అందరును బేస్‌బాల్ ఆడెడివారు. ఆటనడుమ ఉపాయము తోచగనే బంతిని వదలి కెమేరాను పట్టెడివారు. ప్రమాదకర కృత్యములను చాలవరకు తానే చేసెను. ఇతర నటులకు బదులుగ పడవలసినచోట కూడ కొన్నిమారులు తానే పడెను. తెరపై వ్రాతలు వీలైనంత తక్కువగ ఉండవలెననియు, మనుష్యుని తలనుండి పాదము వరకు చూపవలెననియు ఇతని నియమము. దగ్గరనుండి ముఖము చూపి ముక్కలుగ కోసినచో ప్రేక్షకుడు సందేహించును. దూరమునుండి యావత్తును ఒక్కటిగ చూపినచో నమ్మును. నమ్మిన పిమ్మటనే మనసార నవ్వును.

పతనము

‘స్టీమ్‌బోట్ బిల్’ ముగియునాటికి షెంక్ స్టూడియోను మూసివేయ నిశ్చయించి, కీటన్‌ను మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థలో చేరుమని ప్రోత్సహించెను. చేరవలదని చాప్లిన్ హెచ్చరించెనని కీటన్ పిమ్మట వ్రాసికొనెను. వారమునకు 3,000 డాలర్ల జీతము వచ్చెను. పని పెత్తనము పోయెను. ‘ద కెమేరామన్’ (1928) పూర్వపు స్థాయిని నిలుపుకొనినది గాని, అటుపిమ్మట లిఖిత స్క్రిప్టు, పర్యవేక్షకుల ఆజ్ఞ, నిర్ణీత కాలపట్టిక ఇతనిని బంధించినవి. టాకీలు వచ్చుటచేత ఇతడు చెడెనను మాట సర్వసాధారణము. అది సత్యము గాదు. ఇతని కంఠము లోకులకు వెగటు కాలేదు. స్పానిష్, ఫ్రెంచి, జర్మను పాఠాంతరములందు సంభాషణలను వల్లించి తానే మాటాడెను. ఆ టాకీలకు లాభములును వచ్చెను. కాని వానిలోని మూర్ఖ విదూషకుడు కీటన్ సృష్టించిన మనుష్యుడు గాడు.

మద్యపానము మితిమీరెను, 1932లో భార్య విడాకులు పొందెను, 1933లో సంస్థ ఇతనిని తొలగించెను. పిదప చౌకరకపు చిన్నచిత్రములలో నటించుచు, ఒకప్పుడు తాను తారగ వెలిగిన సంస్థలోనే ఇతరుల చిత్రములకు హాస్యోపాయములను చెప్పు చిరుద్యోగిగ పనిచేయవలసి వచ్చెను. 1940లో ఎలినార్ నోరిస్‌ను వివాహమాడిన తరువాత జీవితము కుదుటబడెను.

పునఃప్రతిష్ఠ, మరణము

1947లో పారిస్ నగరమున మెడ్రానో సర్కస్ నందు ప్రదర్శనలిచ్చి కీటన్ ఐరోపావాసుల ఆదరమును పొందెను. 1949లో జేమ్స్ ఏజీ అను విమర్శకుడు ‘లైఫ్’ పత్రికయందు మూకచిత్ర హాస్యమును గూర్చి వ్రాసిన వ్యాసము ఇతనిని చాప్లిన్, లాయిడ్, లాంగ్డన్ అను హాస్యనటుల సరసన నిలిపి కొత్త తరమునకు పరిచయము చేసెను. ‘సన్‌సెట్ బూలెవార్డ్’ (1950) నందు తన పాత్రనే తాను కొలది క్షణములు ధరించెను; ‘లైమ్‌లైట్’ (1952) నందు చాప్లిన్‌తో కలిసి నటించెను. కీటన్ పూర్వము నివసించిన బెవర్లీ హిల్స్ భవనమును కొనిన నటుడు జేమ్స్ మేసన్‌కు అచట పాత ఫిల్ములు దొరకుటయు, రేమండ్ రోహౌవర్ అను ప్రదర్శకుడు శిథిలమగుచున్న ప్రతులను సేకరించి తిరిగి ప్రదర్శనకు తెచ్చుటయు ఇతని కృతులను కాపాడినవి. 1960లో గౌరవ ఆస్కారు లభించెను. నాటకకర్త సామ్యూల్ బెకెట్ వ్రాసిన ‘ఫిల్మ్’ అను చిత్రమున నటించి, 1965లో వెనిస్ చిత్రోత్సవమునకు పోయినపుడు సభికులు లేచి నిలిచి చాలసేపు కరతాళధ్వనులు చేసిరి. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన, కాలిఫోర్నియాలోని వుడ్‌లాండ్ హిల్స్ స్వగృహమున, ఊపిరితిత్తుల క్యాన్సరుతో తన 70వ యేట దివంగతుడయ్యెను.

ప్రభావము

ఫ్రాన్సున జాక్ తతి, హాంగ్‌కాంగ్‌లో జాకీ చాన్ దేహమునే భాషగ చేసికొని తీసిన హాస్యచిత్రములలో కీటన్ జాడ స్పష్టముగ కనబడును. కూలు గోడ ఘట్టమును జాకీ చాన్ ‘ప్రాజెక్ట్ ఎ’ రెండవ భాగమున (1987) బహిరంగముగనే అనుసరించెను. తెరకును లోకమునకును నడుమనున్న గోడను దాటు కథ లెన్నింటికో ‘షెర్లాక్ జూనియర్’ పూర్వరంగము. 1972లో బ్రిటిషు పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ విమర్శకులచేత ఎన్నుకొనజేసిన ప్రపంచపు పది ఉత్తమ చిత్రములలో ‘ద జనరల్’ చోటు సంపాదించుకొనెను.

చాప్లిన్ దీనుల దుఃఖమును చూపి హృదయమును కరిగించును. కీటన్ జాలిని యాచింపడు. ఇతని కథానాయకుడు లోకమును ఒక యంత్రముగ చూచి, దాని మర్మమును తెలిసికొని, దానితో సరిపడుటకు ప్రయత్నించును. ఓడ, రైలు, ఇల్లు, తుపాను, కొండరాళ్ళు ఇతనికి సహనటులు. 1928కి ముందును పిదపను అదే ముఖము, అదే దేహము, అదే అభ్యాసము ఉన్నను, మొదటివి కళాఖండములు, తరువాతివి సాధారణ వినోదములు అగుటను బట్టి, కీటన్ ప్రతిభ ముఖమునందు గాక నిర్మాణ స్వాతంత్ర్యమునందు నిలిచియుండెనని నిర్ణయింపవచ్చును. విడుదలనాడు ధనము రాబట్టలేక ఆ స్వాతంత్ర్యమును పోగొట్టిన ‘ద జనరల్’, 1989లో అమెరికా ప్రభుత్వము జాతీయ సంపదగ భద్రపరచుటకు ఎన్నుకొనిన తొలి 25 చిత్రములలో ఒకటి.